ఒక తోలుముక్క – నాలుగు శాస్త్రములు

(పాఠశాల విజ్ఞాన సంఘ వార్షిక సభయందు గావించిన ప్రసంగ పాఠము)

 

జీవావరణ శాస్త్రము, గణితము, రసాయన శాస్త్రము, జీవవైద్య సాంకేతిక శాస్త్రము అను నాలుగింటియందు జరుగుచున్న పరిశోధనలను గూర్చి మీకు నాలుగు మాటలు చెప్పుమని ప్రధానోపాధ్యాయులు మమ్ము ఆజ్ఞాపించిరి. ఒక్కొక్క శాస్త్రము ఒక్కొక్క సముద్రము. అరగంటలో నాలుగు సముద్రములు ఈదుట మా వలన అగు పని కాదు. కావున ఈ నాలుగింటిని తాకుచున్న వస్తువు ఏదైన నున్నదా యని వెదకితిమి. అది దూరమున లేదు. ఈ మందిరపు వాకిట మీరందరు విడిచి వచ్చిన చెప్పులలోనే యున్నది. తోలుముక్కను గూర్చియే నేడు మాటలాడదలచితిమి.

దీనికి కారణము మరియొకటి కూడ కలదు. దానిని చెప్పుటకు మాకు కొంత సిగ్గుగానే యున్నది. అయినను చెప్పవలెను.

మేము ఏడవ తరగతి చదువుచున్న రోజులలో పల్లావరము వైపునుండి ఒక బాలుడు మా తరగతిలో క్రొత్తగా చేరెను. అతని తండ్రి తోళ్ల కార్ఖానాలో పనివాడు. బాలుని చొక్కా ఉతికినదే. అయినను దానినుండి ఒక వాసన వచ్చుచుండెను. మొదటి దినముననే మేము నలుగురము సంచులు తీసికొని వేరొక బల్లకు మారితిమి. అతడు ఒంటరిగా కూర్చుండెను. మా సైన్సు మాస్టారు అది చూచిరి, ఏమియు అనలేదు.

మరునాడు వారు రెండు గాజు సీసాలు తెచ్చి బల్లమీద నుంచిరి. రెంటిలోను నీరు పోసిరి. ఒకదానిలో పచ్చి మేకతోలు ముక్కను, రెండవదానిలో పాత చెప్పునుండి కోసిన తోలు ముక్కను వేసిరి. వారము గడచిన పిదప మొదటి సీసా మూత తీయగానే తరగతియంతయు ముక్కు మూసికొనెను. రెండవ సీసాలోని తోలు నానినది గాని కుళ్లలేదు. “రెండును తోళ్లే. ఒకటి కుళ్లినది, ఒకటి కుళ్లలేదు. ఎందుచేత?” అని వారు ప్రశ్నించిరి. మొదటి బల్లవారు, చివరి బల్లవారు అందరును మౌనము వహించిరి. అప్పుడు ఆ బాలుడు లేచి నిలువబడెను.

“పచ్చితోలును ముందు సున్నపు నీళ్లలో నానవేస్తారండి. వెంట్రుకలు ఊడిపోతాయండి. తరువాత తంగేడు చెక్క నీళ్లలో ఊరవేస్తారండి. చెక్కరసం లోపలిదాకా దిగిందో లేదో చూడడానికి మా నాయన అంచు కోసి రంగు చూస్తాడండి. నడిమధ్య తెల్లగా ఉంటే మళ్లీ వేస్తాడండి.”

“తంగేడు చెక్కలో ఏమున్నది? అది తోలును ఏమి చేయును?” అని మాస్టారు మరల అడిగిరి. బాలునికి తెలియదు. మాకెవ్వరికిని తెలియదు. మాస్టారు కొంచెము సేపు ఊరకుండి, “నాకును పూర్తిగా తెలియదు. తెలిసికొనుచున్నవారు మన ఊరిలోనే, అడయారులో ఉన్నారు” అనిరి. తనకు తెలియదని ఒక ఉపాధ్యాయుడు తరగతిలో చెప్పుట మేము వినుట అదియే మొదటిసారి. మా జీవితమున మేము నేర్చిన మొదటి శాస్త్రపాఠము కూడ అదియే.

ఆ ప్రశ్నకు సమాధానము చూతము. ముందుగా రసాయన శాస్త్రము.

పచ్చితోలునుండి నీటిని తీసివేసినచో మిగులు పదార్థములో అధికభాగము కొల్లాజెన్ అను మాంసకృత్తు. ఇది పశువుల చర్మములో మాత్రమే ఉన్నదని తలపవలదు. మన చర్మము, ఎముకలు, కండరములను ఎముకలతో కట్టు స్నాయువులు, కంటిపాప మీది స్వచ్ఛమైన పొర, ఇవన్నియు దీనితో నిర్మితములు. మన శరీరమందలి మాంసకృత్తులలో సుమారు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు కొల్లాజెనే. సూక్ష్మజీవులకు ఇది మంచి ఆహారము. కావుననే పచ్చితోలు కుళ్లును. వేడినీటిలో సుమారు 60 డిగ్రీల వద్ద ముడుచుకొని, ఇంకను కాచిన జిగురుగా మారును.

ఇక తంగేడు చెక్క. పచ్చి కరక్కాయను ఎప్పుడైన కొరికితిరా? నాలుక ముడుచుకొనినట్లగును. వగరు అని మనము చెప్పునది అదియే. కరక్కాయలోను, తంగేడు చెక్కలోను ఉన్న టానిన్ అను పదార్థము మన ఉమ్మిలోని మాంసకృత్తులను పట్టుకొనుటచేత ఆ వగరు కలుగును. తోలును చెక్కరసములో ఊరవేసినప్పుడు జరుగునదియు ఇటువంటిదే. టానిన్ అణువులు కొల్లాజెన్ పోగుల నడుమ దూరి వాటిని ఒకదానితో నొకటి కలిపి పట్టుకొనును. అప్పుడు సూక్ష్మజీవులకు తినుటకు చోటు దొరకదు. ఈ విధముగా పదును చేసిన తోలు సుమారు 80 డిగ్రీల వేడి వరకు ముడుచుకొనదు. నాలుకకు తెలిసిన వగరునే తోలుకు నేర్పిన మన పూర్వులు ప్రయోగశాలలు లేని రసాయన శాస్త్రవేత్తలు. బతుకమ్మలో పేర్చు తంగేటి పూవుకు తల్లియైన ఆ చెట్టు చెక్కతోనే మన ప్రాంతపు తోళ్లు తయారై, ఈస్టిండియా తోళ్లు అను పేరుతో ఈ రేవునుండియే ఇంగ్లండు మొదలగు దేశములకు ఓడలెక్కినవి.

తంగేడు పద్ధతికి వారములు పట్టును. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఇచ్చటికి క్రోమియము పద్ధతి వచ్చినది. క్రోమియము లవణము కొల్లాజెన్ అణువులందలి ఆమ్ల భాగములను పట్టుకొని వాటి నడుమ గట్టి వంతెనలు కట్టును. ఒకటి రెండు దినములలో పని ముగియును. తోలు మరుగు నీటికి సైతము తట్టుకొనును. తాంబరము పోవు ఎలక్ట్రిక్ రైలులో మీరు పల్లావరము దాటగానే వచ్చు స్టేషను పేరు చూచియుందురు, క్రోమ్‌పేట. క్రోమియముతో తోళ్లు పదును చేసిన కార్ఖానా వలన ఆ పేటకు ఆ పేరు వచ్చినది. ఒక రసాయన పదార్థము పేరు ధరించిన రైలు స్టేషను మన నగరమున నున్నదని ఎందరు గమనించితిరి?

ఇంత పెద్ద వ్యాపారమునకు శాస్త్రబలము కావలెనని స్వాతంత్ర్యము వచ్చిన మరు సంవత్సరమే, అనగా 1948లో, కేంద్ర తోళ్ల పరిశోధనాలయమునకు ఈ నగరమున పునాది పడినది. 1958 నుండి 1971 వరకు దానికి డైరెక్టరుగా నున్న వారు ఆచార్య యలవర్తి నాయుడమ్మ. వారు 1922లో తెనాలి సీమలోని యలవర్రు గ్రామమున జన్మించిరి. కాశీలో రసాయనము చదివి, చెన్నపట్టణమున తోళ్ల విద్య నేర్చి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది తిరిగి వచ్చిరి. తోలు పని యనిన ముక్కు మూసికొను సంఘము మనది. అట్టి సంఘమునుండి వచ్చిన చదువుకొన్న వాడు సున్నపు తొట్టి యొద్దకు నడచిపోయి, “మీకున్న ఇబ్బంది యేమి?” అని పనివానిని అడుగుట చిన్న విషయము కాదు. పరిశోధనాలయము పరిశ్రమకు దూరముగా ఉండరాదనియు, పరిశ్రమ పల్లెకు దూరముగా ఉండరాదనియు వారి సిద్ధాంతము. ఒకప్పుడు మన దేశము పచ్చితోళ్లను, సగము పదును చేసిన తోళ్లను పరదేశములకు పంపి, వారు చేసిన బూట్లను చూచి ఆశ్చర్యపడుచుండెడిది. 1970వ దశకమున ప్రభుత్వము ఆ ఎగుమతులకు కట్టుబాట్లు విధించిన పిదప, తయారైన తోలును, తోలు వస్తువులను చేయు పని ఇచ్చటనే పెరిగినది. నాయుడమ్మగారు 1971 నుండి 1977 వరకు దేశమందలి శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలికి అధిపతిగా నుండిరి. 1985 జూన్ 23వ తేదీన అట్లాంటిక్ సముద్రముపై పేల్చివేయబడిన ఎయిర్ ఇండియా విమానములో వారు కన్నుమూసిరి.

ఇక గణితము. తోలునకు గణితముతో ఏమి పని యని మీరు అడుగవచ్చును.

తోళ్ల పరిశోధనాలయమునకు ఎదుటనే, సర్దార్ పటేల్ రోడ్డునకు ఆవలి ప్రక్కన, మద్రాసు విశ్వవిద్యాలయపు గిండీ ప్రాంగణము కలదు. 1952లో అచ్చట భౌతికశాస్త్ర ఆచార్యులుగా జి.ఎన్. రామచంద్రన్ వచ్చిరి. అప్పటికి వారి వయస్సు ముప్పది సంవత్సరములు. ఏ విషయమును పరిశోధింపవలెనని ఆలోచించుచుండగా, ఇంగ్లండునుండి వచ్చిన బెర్నాల్ అను శాస్త్రవేత్త, కొల్లాజెన్ అణువు నిర్మాణము ఇంకను తేలలేదని వారితో ననెను. కొల్లాజెన్ కావలెనన్నచో ఎదుటనే తోళ్ల పరిశోధనాలయము కలదు. పొరుగువారినుండి నమూనాలు వచ్చినవి. కొల్లాజెన్ పోగులమీదికి ఎక్స్ కిరణములను పంపి, ఫలకముపై పడిన మచ్చల దూరములను కొలిచి, ఆ కొలతలనుండి అణువు ఆకారమును లెక్కించుట వారి పని. కంటికి కనబడని వస్తువును దాని నీడనుబట్టి గుర్తించుట యన్న మాట. నీడ నుండి వస్తువునకు పోవు దారియే గణితము.

1954లో రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి తమ సమాధానమును ప్రకటించిరి. కొల్లాజెన్ అణువు ముప్పేట త్రాడు. మూడు పేటలు ఒకదానిచుట్టు నొకటి మెలివేసికొని యున్నవి. ఒక్కొక్క పేటలో సుమారు వేయి అమైనో ఆమ్లములు గొలుసుగా నుండును. త్రాడు పొడవు 300 నానోమీటర్లు, మందము ఒకటిన్నర నానోమీటరు. మిల్లీమీటరులో పదిలక్షవ వంతు నానోమీటరు. ఈ గొలుసులో ప్రతి మూడవ చోట గ్లైసీన్ అను అమైనో ఆమ్లమే ఉండవలెను. ఎందుచేత? మూడు పేటలు కలియు నడిమి భాగము మిక్కిలి ఇరుకు. అమైనో ఆమ్లములన్నిటిలోను చిన్నదైన గ్లైసీన్ మాత్రమే అందులో ఇముడును. ఇంటిలో అక్కచెల్లెళ్లకు జడ అల్లు తల్లులు పాయలు వదులుగా నుండరాదని గట్టిగా లాగుదురు. ప్రకృతి ఆ బిగువును మూడవ చోట గ్లైసీన్ నుంచి సాధించినది.

ఇంతటితో కథ ముగియలేదు. ఈ నమూనాలో కొన్ని పరమాణువులు ఉండదగినదానికంటె దగ్గరగా నున్నవని కేంబ్రిడ్జి వారు ఆక్షేపించిరి. రామచంద్రన్ కోపింపలేదు, ఒక ప్రశ్న వేసికొనిరి. “పరమాణువులు ఒకదానికొకటి ఎంత దగ్గరకు రావచ్చును?” అప్పటివరకు తెలిసిన స్ఫటికముల కొలతలన్నిటిని ఏరి పరిశీలించిరి. ఆ కొలతలతో మాంసకృత్తు గొలుసు ప్రతి కణుపు వద్ద ఏ రెండు కోణములలో తిరుగగలదో, ఏ కోణములలో పరమాణువులు ఢీకొనునో గణించి ఒక పటము గీచిరి. రామకృష్ణన్, శశిశేఖరన్ అను సహచరులతో కలిసి 1963లో ప్రకటించిన ఆ పటమును నేడు ప్రపంచమంతయు రామచంద్రన్ పటమని పిలుచుచున్నది. ఎచ్చట ఏ మాంసకృత్తు నిర్మాణమును క్రొత్తగా కనుగొన్నను, అది సరిగా నున్నదో లేదో ఈ పటముపై నుంచి సరిచూచెదరు. కొల్లాజెన్ విషయమున వారు మొదట చెప్పిన రెండు బంధములలో ఒకటి మాత్రమే నిలిచినది. ముప్పేట త్రాడు మాత్రము నిలిచినది. పిల్లలారా, తప్పు చూపినవానిని శత్రువుగా తలంచి యుండినచో ఆ పటము పుట్టెడిది కాదు.

గొప్ప భవనములు లేనిదే పరిశోధన జరుగదని కొందరందురు. అల్లాడి రామకృష్ణన్ మైలాపూరులోని తమ యింటనే యువకులను చేర్చి సైద్ధాంతిక భౌతికశాస్త్ర గోష్ఠులు నడపిరి. ఆ గోష్ఠుల ఫలముగా 1962 జనవరిలో గణిత శాస్త్ర సంస్థ మన నగరమున వెలసినది. ఒకచోట ఇంటి వసారా, మరియొకచోట వీధికి ఎదుటనున్న పొరుగువారు. మన నగరపు పరిశోధనలు ఇట్లు మొదలైనవి.

మూడవది జీవవైద్య సాంకేతిక శాస్త్రము.

పశువు చర్మమందలి కొల్లాజెన్‌కును, మన చర్మమందలి కొల్లాజెన్‌కును మిక్కిలి పోలిక కలదు. కావున శుద్ధి చేసిన పశు కొల్లాజెన్‌ను పలుచని పొరగా చేసి కాలిన గాయముపై కప్పినచో అది గాయమునకు తాత్కాలికమైన చర్మమువలె పనిచేయును. తడి ఆరిపోకుండ కాపాడును. గాలి సోకుటచేత కలుగు బాధను తగ్గించును. లోపలినుండి క్రొత్త కణములు ప్రాకి వచ్చుటకు పందిరివలె ఉపకరించును. క్రమముగా శరీరమే దానిని కరిగించుకొనును. కట్టు విప్పునప్పుడెల్ల ఏడ్చు పసిబిడ్డను చూచిన వారికి ఈ పొర విలువ తెలియును. మన తోళ్ల పరిశోధనాలయమున జీవపదార్థముల విభాగము ఏర్పడి ఈ విషయమున ఎంతయో కృషి చేసినది. వైద్యమునకు, ఔషధములను మెల్లమెల్లగా విడుదల చేయుటకు కొల్లాజెన్‌ను ఎన్ని విధముల వాడవచ్చునో సమీక్షించుచు అచ్చటి శాస్త్రవేత్త కె. పాండురంగరావు 1995లో ప్రకటించిన వ్యాసము ఈ రంగమున పనిచేయువారు తరచుగా పేర్కొనునది.

ఇంకొక చిత్రమును వినుడు. గుండెలోని కవాటము చెడినచో వైద్యులు దానిని మార్చెదరు. కొన్ని కవాటములను పంది గుండె కవాటముతో గాని, ఆవు గుండెను కప్పు పొరతో గాని చేయుదురు. పశువు పొరను అట్లే పెట్టినచో మన శరీరము ఒప్పుకొనదు. అది నిలువదు కూడ. 1960వ దశకపు చివర ఫ్రాన్సు దేశపు వైద్యుడు కార్పెంటియె దానిని గ్లుటరాల్డిహైడ్ అను ద్రవములో ఊరవేసి స్థిరపరచెను. ఆ ద్రవము తోళ్లను పదును చేయుటకు కూడ వాడునది. అనగా ఆ కవాటము పదును చేసిన తోలు వంటిదే. చెప్పును కుళ్లకుండ కాపాడు సూత్రమే గుండెను కొట్టుకొనునట్లు చేయుచున్నది. ఏ వాసనకు మేము బల్ల మారితిమో, ఆ విద్యకు దగ్గరి చుట్టమైన విద్య నేడు మనుష్యుల రొమ్ములలో ఉన్నది.

ఇంతవరకు శుభవార్తలే చెప్పితిమి. నాలుగవది శుభవార్త కాదు. జీవావరణ శాస్త్రము మనలను మెచ్చుకొనుటకు రాదు. లెక్క అడుగుటకు వచ్చును.

ఒక కిలో పచ్చితోలును పదును చేయుటకు ముప్పది నలుబది లీటర్ల నీరు కావలెను. ఆ నీరంతయు ఉప్పుతోను, సున్నముతోను, వెంట్రుకలతోను బయటికి పోవును. పచ్చితోళ్లు చెడకుండ చల్లిన ఉప్పు అంతయు మొదటి కడుగులోనే దిగిపోవును. క్రోమియము పద్ధతిలో మనము వేసిన క్రోమియమునందు సుమారు మూడవ వంతు తోలునకు పట్టక నీటిలో మిగిలిపోవును. క్రోమియము ఒక రూపమున నున్నప్పుడు అంత కీడు చేయదు. రూపము మారి మరియొకటి యైనప్పుడు కాన్సరు కలిగించు విషమగును.

పాలారు నదిని మీరెరుగుదురు. కర్ణాటకమున నందిదుర్గ కొండలలో పుట్టి, మన చిత్తూరు సీమలోని కుప్పము ప్రాంతముగుండ ప్రవహించి, తమిళనాడున ప్రవేశించి, చెన్నపట్టణమునకు దక్షిణమున సముద్రమును చేరును. ఏడాదిలో అధికభాగము ఇసుకయే కనబడును. నీరు ఇసుక క్రింద నుండును. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట ఈ నది ఒడ్డున తోళ్లకు పేరు పొందిన ఊళ్లు. లక్షల చేతులకు అచ్చట పని దొరకినది. ఆ పనియొక్క మురికినీరు దశాబ్దముల తరబడి పొలములలోనికి, నదిలోనికి, భూగర్భములోనికి దిగినది. వేలూరు పౌరులు 1991లో సుప్రీం కోర్టుకు పోయిరి. 1996 ఆగస్టు 28న వెలువడిన తీర్పులో వ్రాసిన లెక్కలు రెండు చెప్పెదము. తోళ్ల కార్ఖానాల ప్రాంతమున సుమారు 35,000 హెక్టారుల సాగుభూమి కొంతగా గాని పూర్తిగా గాని పంటకు పనికిరాకుండ పోయినది. దిండిగల్ ప్రాంతమున 13 గ్రామములలో ఒక స్వచ్ఛంద సంస్థవారు చూచిన 467 బావులలో 350 చెడినవి.

ఆ తీర్పు రెండు సూత్రములను మన దేశపు చట్టములో భాగమని ప్రకటించినది. కీడు కలుగునను భయమున్నప్పుడు, పూర్తి నిరూపణ దొరకలేదను సాకుతో ఊరకుండరాదు. కలుషితము చేసినవాడే దాని వ్యయమును భరింపవలెను. అటుపిమ్మట కార్ఖానాలు కలిసి మురికినీటి శుద్ధి కేంద్రములు నడుపుట, ఉప్పును ముందుగానే దులిపి తీయుట, మిగిలిన క్రోమియమును తిరిగి పట్టి వాడుట సాగినవి. తొట్టిలో నీరు పోయకయే క్రోమియమును పట్టించు పద్ధతిని కూడ మన తోళ్ల పరిశోధనాలయమే కనుగొన్నది. అయినను పని పూర్తి కాలేదు. 2025 జనవరిలో సుప్రీం కోర్టు పాలారు విషయమున మరల ఆజ్ఞలు జారీ చేయవలసి వచ్చినది. భూమిలోనికి దిగిన ఉప్పు తీర్పు వినగానే పైకి రాదు.

దీనినుండి పరిశోధన చెడ్డదని మీరు తలంపరాదు. తంగేడు పద్ధతి నిదానమని రసాయన శాస్త్రము క్రోమియమును తెచ్చినది. అది పరిష్కరించిన చిక్కే జీవావరణ శాస్త్రమునకు చిక్కైనది. దానిని విప్పుటకు మరల రసాయన శాస్త్రమే పూనుకొనినది. శాస్త్రములకు నడుమ గోడలు కట్టినది పాఠశాలల కాలపట్టికయే. తోలుకు ఆ గోడలు తెలియవు, నదికి అసలే తెలియవు. ప్రశ్న వేయువానికి గోడలు ఉండరాదు. సమాధానము కనుగొన్నవానికి బాధ్యత ఉండవలెను. ఆ విద్య ఎవరి చేతులనుండి వచ్చినదో ఆ చేతులకు, ఏ నీటిని వాడుకొన్నదో ఆ నీటికి ఏమి తిరిగి ఇచ్చితిమి అని అడుగని పరిశోధన సగము పరిశోధన. మేము మీకు చెప్పదలచినది ఇంతియే.

తెలుగు తరగతులలో పిల్లలు తగ్గుచున్నారని మన పెద్దలు చింతించుచున్నారు. తెలుగులో చదివినచో శాస్త్రము రాదేమో యని తల్లిదండ్రులకు శంక. మీరే చూచితిరి. వగరు, పదును, ఊరవేయుట, ముప్పేట, పాయ, బిగువు. ఈ మాటలతోనే మేము ఒక అణువు లోపలికి పోయి వచ్చితిమి. ఈ మాటలు మీరు బడికి రాకముందే మీ యింట నేర్చినవి. ఇంగ్లీషు నేర్వుడు, తమిళము నేర్వుడు. రెండును మనకు అన్నము పెట్టునవి, పొరుగువారితో కలుపునవి. కాని మొదటి ప్రశ్నను మీకు వచ్చిన మాటలలోనే అడుగుడు. ఆ బాలుడు తంగేడు చెక్కను గూర్చి చెప్పినది తల్లిభాషలోనే.

ఇప్పుడు మీ విజ్ఞాన సంఘమునకు ఒక చిన్న పని అప్పగించుచున్నాము. మీరు నగరపు నలుమూలలనుండి వచ్చుచున్నారు. నెలకొకమారు ఒక్కొక్కరు తమ యింటి బావి నీరు గాని, బోరు నీరు గాని ఒక సీసాలో తెండు. ప్రయోగశాలలో సరిగా 100 మిల్లీలీటర్లు కొలిచి, ఉపాధ్యాయుల యెదుట, తూచిన గిన్నెలో నెమ్మదిగా ఇగుర్చుడు. అడుగున మిగిలిన తెల్లని పొడితో గిన్నెను మరల తూచుడు. తేది, ఊరు, లోతు, బరువు ఒక నోటుపుస్తకమున తెలుగులో వ్రాయుడు. త్రాసు మంచిదైనచో చాలును, మరేమియు అక్కరలేదు. వానకాలమునకు ముందు ఎంత, పిదప ఎంత? సముద్రపు ఒడ్డున ఎంత, పల్లావరమున ఎంత? కొలుచుట రసాయనము, పట్టిక గీచుట గణితము, నీరు ఎందుకట్లు మారినదని అడుగుట జీవావరణ శాస్త్రము, దానిని త్రాగిన శరీరమునకు ఏమగునని అడుగుట వైద్యము. దిండిగల్ ప్రాంతమున 467 బావులు తిరిగి చూచినవారు కూడ ఇట్లే ఒక్కొక్క బావితో మొదలు పెట్టి యుందురు. మీ పట్టిక వచ్చే సంవత్సరపు సంచికలో అచ్చు కావలెనని మా కోరిక.

చివరగా ఒక మాట. ఆ బాలుడు ఎనిమిదవ తరగతితో చదువు మానెను. తరువాత అతడెచ్చట నున్నాడో మాకు తెలియదు. సీసాల పాఠము జరిగిన మరునాడు మేము నలుగురము మా పాత బల్లకు తిరిగి వచ్చితిమి గాని, అతనితో క్షమింపుమని మాత్రము అనలేదు. ఆ మాట మా గొంతులో ఇన్ని సంవత్సరములు నిలిచి యున్నది. అతనికి చెప్పలేని దానిని మీ యెదుట చెప్పుచున్నాము. మీ తరగతిలో ఎవరి చొక్కానుండియైన తోలు వాసనయో, చేప వాసనయో, కిరసనాయిలు వాసనయో వచ్చినచో బల్ల మారకుడు. దగ్గర కూర్చుండి, మీ నాయనగారు ఏ పని చేయుదురని అడుగుడు. మీకు తెలియని శాస్త్రమొకటి అతని యింట ఉండవచ్చును.